ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఫ్రేముల్లోంచి ఆకాశాన్ని తీసేసి నక్షత్రాల ప్రకాశం కొలవడం ఎలా?

సీసీడీ (మామూలు వెలుగును చూసే కెమెరా) డేటా మీద చేయి తిరిగినవాళ్లు మొదటిసారి ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమ్ తెరిచి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఫైల్ పాడైందా? మచ్చలు తప్ప ఏమీ కనిపించడం లేదు." ఫైల్ బాగానే ఉంది. మీకు కనిపిస్తున్నది ఆకాశం. నక్షత్రాలు దాని అడుగున ఉన్నాయి. ఇదే జవాబు విడివిడిగా చాలామందికి రాశాను కాబట్టి ఈసారి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక లెక్క. కె బ్యాండ్‌లో, అంటే 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, మంచి కొండమీద కూడా ఆకాశం ఒక చదరపు ఆర్క్‌సెకండుకు సుమారు 13 మాగ్నిట్యూడ్ ప్రకాశంతో ఉంటుంది (మాగ్నిట్యూడ్ అంకె పెద్దదయ్యేకొద్దీ మసక). మీకు కావలసిన నక్షత్రం 17 మాగ్నిట్యూడ్ అనుకోండి. తేడా 4 మాగ్నిట్యూడ్లు. ఒక్క చదరపు ఆర్క్‌సెకండు ఆకాశం కంటే ఆ నక్షత్రం 40 రెట్లు మసక అన్నమాట. జే, హెచ్ బ్యాండ్లలో (ఇవి కె కంటే పొట్టి తరంగదైర్ఘ్యాలవి) ఈ వెలుగు ప్రధానంగా దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తున హైడ్రాక్సిల్ అణువుల నుంచి వస్తుంది. కె బ్యాండ్‌లో దానికి టెలిస్కోపు, గాలి వేడి తోడవుతాయి. పైగా ఇది నిలకడగా ఉండదు, నిమిషాల్లో మారిపోతుంది. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు.

ఇక్కడ రాసిందంతా 1024×1024 పిక్సెళ్ల హవాయి-1 రకం మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ డిటెక్టర్‌ను మనసులో పెట్టుకుని రాశాను. లడఖ్‌లోని హాన్లేలో 4500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు మీద టిర్‌స్పెక్ అనే పరికరం వాడేది అదే. పిక్సెల్‌కు 0.3 ఆర్క్‌సెకండ్లు, ఫీల్డ్ ఒక్కో వైపు సుమారు 5 ఆర్క్‌మినిట్లు. దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోపు మీద టిర్‌క్యామ్-2 కెమెరా వాడేవాళ్లకూ పద్ధతి ఇదే. కాకపోతే అందులో 512×512 ఇండియం యాంటిమోనైడ్ డిటెక్టర్, ఫీల్డ్ ఒకటిన్నర ఆర్క్‌మినిట్ కూడా ఉండదు. దానివల్ల వచ్చే చిక్కు 8వ మెట్టులో చెప్తాను.

సొంత డేటా లేదని ఆగిపోకండి. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఆర్కైవ్‌లో లాసిల్లాలోని ఎన్‌టీటీ టెలిస్కోపు మీద ఏళ్ల తరబడి పనిచేసిన సోఫీ కెమెరా ముడి ఫ్రేములు ఉచితంగా దొరుకుతాయి. అదీ 1024×1024 హవాయి డిటెక్టరే. నేర్చుకోవడానికి అంతకంటే మంచి డేటా నాకు తెలీదు.

కావలసినవి

- ఆబ్జెక్ట్ ఫ్రేములు, డిథర్ చేసినవి (అదేమిటో 1వ మెట్టులో చెప్తాను), కనీసం 9
- ఆబ్జెక్ట్ విస్తరించి ఉన్నది (నెబ్యులా, పెద్ద గెలాక్సీ) అయినా, ఇరుకైన నక్షత్రగుచ్ఛం అయినా పక్కన ఖాళీ ఆకాశం ఫ్రేములు విడిగా
- ఆబ్జెక్ట్‌కు, ఫ్లాట్‌కు వాడిన ప్రతి ఎక్స్‌పోజర్ సమయానికీ డార్క్ ఫ్రేములు (వెలుగు పడకుండా మూసి తీసినవి), ఒక్కోదానికి 10
- ప్రతి బ్యాండ్‌కూ ఫ్లాట్ ఫ్రేములు (సమానంగా వెలుగు పడేలా తీసినవి; పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ స్పందనలో తేడా చూపిస్తాయి)
- డిటెక్టర్ లీనియారిటీ వివరాలు, అంటే వెలుగుకు తగ్గట్టు కౌంట్ ఎంత సరిగా పెరుగుతుందో (అబ్జర్వేటరీ వాళ్లను అడిగితే ఇస్తారు)
- పైథాన్, అందులో ఆస్ట్రోపై, సీసీడీప్రాక్, ఫోటుటిల్స్. చిత్రం చూడటానికి డీఎస్9. ఫ్రేములు పేర్చడానికి స్కాంప్, స్వార్ప్
- టూమాస్ కేటలాగ్ (ఇన్‌ఫ్రారెడ్ సర్వేలో కొలిచిన నక్షత్రాల పట్టిక, 8వ మెట్టు)
- రాత్రి రాసుకున్న లాగ్. దీన్ని చివర్లో పెట్టానని చిన్నచూపు చూడకండి.

1. డిథర్ ప్లాన్ ముందే వేసుకోండి

డిథర్ అంటే ప్రతి ఫ్రేముకూ టెలిస్కోపును కొద్దికొద్దిగా జరపడం. అప్పుడు నక్షత్రాలు వేరే వేరే పిక్సెళ్ల మీద పడతాయి. ఆకాశం మాత్రం అన్నింట్లోనూ ఒకేలా పరుచుకుని ఉంటుంది. తర్వాత మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే విలువ) తీస్తే నక్షత్రాలు పోయి ఆకాశం మిగులుతుంది. మొత్తం కిటుకు ఇదే.

జరుపుడు ఎంతుండాలి? నక్షత్రం చుట్టూ ఉండే మసక అంచు కూడా పాత చోటును తాకకూడదు. సీయింగ్ (గాలి వల్ల నక్షత్రం చుక్క పరుచుకునే వెడల్పు) 1 ఆర్క్‌సెకండు ఉంటే 15 నుంచి 20 ఆర్క్‌సెకండ్లు జరపండి. 3 ఆర్క్‌సెకండ్లు జరిపి "డిథర్ చేశాం" అంటే కుదరదు. అలా చేస్తే మీడియన్‌లో నక్షత్రపు అంచులు మిగిలిపోతాయి. ఆ మీడియన్‌ను తీసేసినప్పుడు నక్షత్రపు వెలుగులో కొంత దానితోనే పోతుంది. అన్ని నక్షత్రాలూ కొంచెం మసకగా వస్తాయి, ఎందుకో అర్థం కాదు.

హెచ్చరిక: చతురస్రం మూలల్లా ఒకే నాలుగు చోట్లకు తిరిగి తిరిగి వెళ్లకండి. ప్రతి చుట్టులోనూ కేంద్రాన్ని కొంచెం మార్చండి. లేకపోతే ఒక నక్షత్రం మళ్లీ మళ్లీ అదే పిక్సెళ్ల మీద కూర్చుంటుంది.

ఆబ్జెక్ట్ ఫీల్డులో మూడో వంతు కంటే ఎక్కువ ఆక్రమిస్తే డిథర్ ఒక్కటే చాలదు. ఆబ్జెక్ట్, ఆకాశం, ఆకాశం, ఆబ్జెక్ట్ అనే వరసలో టెలిస్కోపును ఖాళీ చోటుకు తీసుకెళ్లి రండి. సగం సమయం ఖాళీ ఆకాశానికి పోతోందని బాధ వేస్తుంది. ఆ సగం లేకపోతే మిగతా సగం దేనికీ పనికిరాదు.

2. మొదటి రెండు ఫ్రేములు అక్కడికక్కడే తీసివేసి చూడండి

రెండు డిథర్ ఫ్రేములు రాగానే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయండి. సెకను పని. నక్షత్రాలు తెల్ల చుక్క, నల్ల చుక్క జంటలుగా బయటపడతాయి. ఇక్కడ మూడు చూడాలి: ఫోకస్ సరిగా ఉందా, చుక్కలు గుండ్రంగా ఉన్నాయా, ప్రకాశవంతమైన నక్షత్రాల నడుమ చిన్న గుంట ఉందా.

ఆ గుంట చాలామందిని మోసం చేస్తుంది. ఈ కెమెరాలు రీసెట్ అయ్యాక ఒకసారి, ఎక్స్‌పోజర్ చివర మరోసారి చదివి రెండింటి తేడా ఇస్తాయి. నక్షత్రం మరీ ప్రకాశవంతమైతే మొదటి రీడ్‌కే పిక్సెల్ నిండిపోతుంది. చివరి రీడ్‌లోనూ నిండే ఉంటుంది. తేడా సున్నా. దాంతో ఫ్రేములో అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం మధ్యలో నల్లగా కనిపిస్తుంది. "గరిష్ఠ కౌంట్ పరిమితి లోపలే ఉంది కదా" అని హిస్టోగ్రామ్ చూసి సంబరపడితే దొరికిపోతారు.

ఎక్స్‌పోజర్ విషయంలో నా పద్ధతి: ఆకాశపు స్థాయి డిటెక్టర్ సామర్థ్యంలో మూడో వంతు దాటకూడదు. అందుకే కె బ్యాండ్‌లో ఒక్కో ఎక్స్‌పోజర్ చిన్నది, సంఖ్య ఎక్కువ. జే బ్యాండ్‌లో కాస్త పొడుగువి తీసుకోవచ్చు. ఒకే చోట ఎక్కువసేపు మాత్రం నిలబడకండి. ఒకటి రెండు నిమిషాలు అవగానే జరగండి, ఆకాశం మీకోసం ఆగదు.

3. హెడర్లు చూసి ఫైళ్లు వేరు చేయండి

బ్యాండ్, ఎక్స్‌పోజర్, కోయాడ్‌ల సంఖ్య, సమయం, ఈ నాలుగూ ఒక పట్టికలోకి తెచ్చుకోండి. కోయాడ్ అంటే కెమెరా తనలో తానే కొన్ని ఎక్స్‌పోజర్లు కలిపి ఒకే ఫైలుగా ఇవ్వడం. కొన్ని కెమెరాలు వాటిని కూడతాయి, కొన్ని సగటు తీస్తాయి. మీది ఏ రకమో తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి.

నేను చదువుకునే రోజుల్లో ఒకసారి 10 సెకన్ల డార్క్‌లు తీసి, 2 సెకన్లు × 5 కోయాడ్‌ల ఆబ్జెక్ట్ ఫ్రేములకు వాడేశాను. మొత్తం 10 సెకన్లే కదా అనుకున్నాను. ప్రతి రీడ్‌కూ మూలల్లో యాంప్లిఫయర్ మెరుపు వస్తుంది; ఐదు రీడ్‌లంటే ఐదు మెరుపులు. వాటిలో ఒకటే పోయి నాలుగు మిగిలాయి. మూడు వారాలు ఆ మూలలను నెబ్యులా అనుకుని టెన్షన్ పడ్డాను.

4. లీనియారిటీ దిద్దండి, చెడ్డ పిక్సెళ్ల మాస్క్ తయారు చేయండి

పిక్సెల్‌లో చార్జ్ పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ మారుతుంది. అందుకే రెట్టింపు వెలుగుకు రెట్టింపు కౌంట్ రాదు, కొంచెం తక్కువ వస్తుంది. ఈ దిద్దుబాటు తీసివేతలన్నిటికంటే ముందు చేయాలి. ఆకాశం తీసేశాక చేస్తే ఆ పిక్సెల్ అసలు ఎంత నిండిందో ఆ అంకెలో ఉండదు. దిద్దుబాటు సమీకరణం దొరకకపోతే ప్రకాశవంతమైన నక్షత్రాలను లెక్కలోంచి తీసేయండి. ఊహించి రాసుకున్న సమీకరణం కంటే అదే నయం.

మాస్క్ రెండు చోట్ల నుంచి వస్తుంది. డార్క్‌లో మిగతావాటికంటే బాగా ఎక్కువున్నవి వేడి పిక్సెళ్లు. ఎక్కువ వెలుగు ఫ్లాట్‌ను తక్కువ వెలుగు ఫ్లాట్‌తో భాగిస్తే, వచ్చే నిష్పత్తిలో చుట్టుపక్కలవాటితో కలవనివి మొద్దుబారిన పిక్సెళ్లు. రెండింటినీ కలిపి ఒకే మాస్క్‌గా దాచుకోండి.

5. ఫ్లాట్

డోమ్ ఫ్లాట్ (టెలిస్కోపు గది లోపలి గోడను తీసినది) అయితే దీపం వెలిగించి కొన్ని, ఆర్పి కొన్ని తీసి, వెలిగినవాటిలోంచి ఆర్పినవి తీసేయండి. కె బ్యాండ్‌లో ఇది తప్పనిసరి. అక్కడ గోడ, టెలిస్కోపు వాటి వేడికి అవే మెరుస్తుంటాయి. ఆ వెలుగు నక్షత్రపు వెలుగు దారిలో రాదు కాబట్టి ఫ్లాట్‌లో ఉండకూడదు.

సంధ్యవేళ ఫ్లాట్‌లూ బాగుంటాయి. ఎక్కువ వెలుగువి, తక్కువ వెలుగువి తీసుకుని తేడా వాడండి. డార్క్, వేడి రెండూ తేడాలో పోతాయి. సమయం మాత్రం చాలా తక్కువ దొరుకుతుంది.

చివర మీడియన్ 1 అయ్యేలా భాగించి, మాస్క్ చేసిన పిక్సెళ్లను పక్కన పెట్టండి.

6. ఆకాశం తయారు చేయడం, తీసేయడం (తొందరపడకండి)

ప్రతి ఆబ్జెక్ట్ ఫ్రేముకూ దాని సొంత ఆకాశం ఉండాలి. రాత్రి మొత్తానికి ఒకే ఆకాశం చేసి అన్నింట్లోంచీ తీసేయడం ఇన్‌ఫ్రారెడ్‌లో పనికిరాదు.

(అ) ఒక ఫ్రేమ్ తీసుకోండి. దానికి సమయంలో దగ్గరగా ఉన్న ముందు 4, తర్వాత 4 డిథర్ ఫ్రేములు ఎంచుకోండి. ఆ ఫ్రేమ్‌ను మాత్రం అందులో కలపకండి. కలిపితే నక్షత్రం తనను తానే కొంత తీసేసుకుంటుంది.

(ఆ) ఆ ఎనిమిదింటినీ ఒకే మీడియన్ స్థాయికి తెచ్చి, పిక్సెల్ పిక్సెల్‌కూ మీడియన్ తీయండి.

(ఇ) వచ్చిన ఆకాశాన్ని మీ ఫ్రేమ్ స్థాయికి సరిపెట్టి తీసేయండి. తర్వాత ఫ్లాట్‌తో భాగించండి.

ఆకాశం తీసేయడం ముందు, ఫ్లాట్‌తో భాగించడం తర్వాత. ఈ వరస ఎందుకంటే: ఆకాశం 6000 కౌంట్లు, మీ నక్షత్రం శిఖరం 40 కౌంట్లు అనుకోండి. ఫ్లాట్‌లో 1 శాతం తప్పుందనుకోండి. ముందే భాగిస్తే ఆకాశంలోనే 60 కౌంట్ల మచ్చ పుడుతుంది, నక్షత్రం కంటే పెద్దది. తర్వాతి తీసివేతలో అది చాలావరకు పోవచ్చు, కానీ మీ ఫ్లాట్ మంచితనం మీద ఆధారపడి బతకడం ఎందుకు? అదే పిక్సెల్‌లోంచి అదే పిక్సెల్‌ను ముందే తీసేస్తే ఆకాశం పోయాక 1 శాతం తప్పు 40 కౌంట్ల నక్షత్రం మీదే పడుతుంది. అంటే అర కౌంటు కూడా కాదు. ఇంకో లాభం: ఎక్స్‌పోజర్, కోయాడ్‌లు ఒకటే అయితే డార్క్ కూడా ఈ తీసివేతలోనే పోతుంది. స్థాయి సరిపెట్టడం 1, 2 శాతం కంటే ఎక్కువైతే మాత్రం డార్క్‌ను ముందే విడిగా తీసేయండి.

ఎన్ని ఫ్రేములు కలపాలి? ఒక్క ఫ్రేమ్‌నే ఆకాశంగా వాడితే నాయిస్ 41 శాతం పెరుగుతుంది. నాలుగింటి మీడియన్ అయితే సుమారు 14 శాతం, ఎనిమిదింటిదైతే 8 శాతం. పదహారు కలిపితే నాయిస్ ఇంకా తగ్గుతుంది గానీ, ఈలోగా ఆకాశమే మారిపోతుంది. అందుకే ఎనిమిది దగ్గర ఆగుతాను. సన్న మేఘాలు వచ్చిపోతున్న రాత్రయితే నాలుగే.

(ఈ) ఇప్పుడు అన్నీ పేర్చి (7వ మెట్టు) ఒక చిత్రం చేయండి. దాంట్లో కనిపించే నక్షత్రాలన్నింటికీ కొంచెం వెడల్పుగా మాస్క్ వేయండి. ఆ మాస్క్‌ను ఒక్కో ముడి ఫ్రేమ్ మీదికి తిరిగి తీసుకెళ్లి, (అ) నుంచి మళ్లీ చేయండి. ఒక్క ఫ్రేములో కనిపించని మసక నక్షత్రాలు పేర్చిన చిత్రంలో బయటపడతాయి కాబట్టి రెండోసారి ఆకాశం శుభ్రంగా వస్తుంది. ఈ రెండో చుట్టును చాలామంది బద్ధకించి వదిలేస్తారు. ఫలితంలో 0.05 మాగ్నిట్యూడ్ తేడా చూసి కేటలాగ్‌ను తిడతారు.

గుంపుగా నక్షత్రాలున్న చోట మీడియన్ కూడా మోసపోతుంది. సగం కంటే ఎక్కువ ఫ్రేముల్లో అదే పిక్సెల్ మీద ఏదో ఒక నక్షత్రం ఉంటే మీడియన్ నక్షత్రాన్నే ఆకాశం అనుకుంటుంది. పాలపుంత నడిబొడ్డును తీసేవాళ్లు ఖాళీ ఆకాశానికి వెళ్లి రావలసిందే.

7. పేర్చడం

ఒక్కో ఫ్రేమ్‌కూ స్కాంప్‌తో ఆస్ట్రోమెట్రీ (ఏ పిక్సెల్ ఆకాశంలో ఏ చోటో) సరిచేసి, స్వార్ప్‌తో పేర్చండి. ఫ్రేమ్ తిరగబడి ఉండొచ్చు, అద్దంలో బొమ్మలా ఎడమ కుడి మారి ఉండొచ్చు. నక్షత్రాలు ఎంతకీ సరిపోలకపోతే ముందు అది చూడండి. స్వార్ప్ తనంతట తాను ఆకాశాన్ని మళ్లీ తీసేసే సెట్టింగ్‌తో వస్తుంది. నెబ్యులా డేటా అయితే దాన్ని ఆపేయండి, లేకపోతే నెబ్యులా కూడా పోతుంది.

ప్రకాశవంతమైన నక్షత్రం ముందు ఫ్రేములో కూర్చున్న చోట, తర్వాతి ఫ్రేములో మసక చుక్క కనిపిస్తే అది కొత్త నక్షత్రం కాదు. డిటెక్టర్ జ్ఞాపకం. పర్సిస్టెన్స్ అంటారు. ముడి ఫ్రేముల్లో అది అదే పిక్సెల్ మీద నిలబడి ఉంటుంది. నిజం నక్షత్రం డిథర్‌తో పాటు కదులుతుంది. తర్వాతి కొన్ని ఫ్రేముల్లో ఆ చోటును మాస్క్ చేయండి.

8. టూమాస్‌తో సరిపోల్చడం

టూమాస్ 1997 నుంచి 2001 వరకు అరిజోనాలో, చిలీలో ఒక్కోటి 1.3 మీటర్ల టెలిస్కోపులతో ఆకాశమంతా జే, హెచ్, కె-షార్ట్ బ్యాండ్లలో చేసిన సర్వే. మీ ఫీల్డ్‌లోనే దాని నక్షత్రాలు ఉంటాయి కాబట్టి గాలి మందం లెక్క వేరే వేయనక్కర్లేదు.

నక్షత్రం కౌంట్లను సెకన్లతో భాగించి, లాగ్ తీసి, మైనస్ 2.5తో గుణించండి. ఉదాహరణకు 10 సెకన్లలో 12,000 కౌంట్లు అంటే సెకనుకు 1200, అంటే −7.70. టూమాస్‌లో దాని మాగ్నిట్యూడ్ 13.42 అయితే జీరో పాయింట్ (మీ అంకెను అసలు మాగ్నిట్యూడ్‌గా మార్చడానికి కలపవలసింది) 21.12. ఇలా పదిహేను ఇరవై నక్షత్రాలకు చేసి మీడియన్ తీసుకోండి. నాణ్యత మూడు బ్యాండ్లలోనూ "ఏ" ఉన్నవి, పక్కన తోడు నక్షత్రం లేనివి, మీ డిటెక్టర్‌ను నింపనివి మాత్రమే ఎంచుకోండి.

టిర్‌క్యామ్-2 లాంటి చిన్న ఫీల్డ్‌లో ఒకటో రెండో టూమాస్ నక్షత్రాలు దొరుకుతాయి, కొన్నిసార్లు అవి కూడా పిక్సెళ్లను నింపేస్తాయి. అప్పుడు అదే రాత్రి, దాదాపు అదే ఎత్తులో ఒక స్టాండర్డ్ నక్షత్రాన్ని (ప్రకాశం ముందే కచ్చితంగా తెలిసినదాన్ని) తీసి ఉండాలి. టెలిస్కోపు దగ్గర ఉన్నప్పుడే గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

9. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

టూమాస్ మాగ్నిట్యూడ్‌కూ మీదానికీ తేడాను నాలుగు రకాలుగా గీయండి.

- మాగ్నిట్యూడ్‌కు ఎదురుగా: ప్రకాశవంతమైనవాటి వైపు గీత వంగితే లీనియారిటీ సమస్య. మసకవాటి వైపు వంగితే ఆకాశం స్థాయి సరిగా పోలేదు, లేదా టూమాస్ తన పరిమితికి వచ్చేసింది. కె-షార్ట్‌లో 14 దాటినవాటిని నమ్మకండి.
- పిక్సెల్ ఎక్స్‌కు, వైకు ఎదురుగా: వాలు కనిపిస్తే ఫ్లాట్ తప్పు.
- జే−కె రంగుకు ఎదురుగా: వాలు ఉంటే మీ ఫిల్టర్, టూమాస్ ఫిల్టర్ ఒకటి కావు. రంగు దిద్దుబాటు పెట్టాలి.
- సమయానికి ఎదురుగా (ఒక్కో ఫ్రేమ్ విడిగా కొలిచి): దూకుళ్లుంటే మేఘం. ఆ ఫ్రేములు తీసేయండి.

తర్వాత నాయిస్. పేర్చిన చిత్రంలో పక్కపక్క పిక్సెళ్ల తేడా చూసి నాయిస్ చెప్పకండి. ఫ్రేములను జరిపి పేర్చినప్పుడు పక్క పిక్సెళ్లు ఒకదాన్నొకటి పంచుకుంటాయి, కాబట్టి నాయిస్ నిజం కంటే తక్కువగా కనిపిస్తుంది. దానికి బదులు, ఖాళీ చోట్ల మీరు నక్షత్రానికి వాడే సైజులోనే రెండు వందల వృత్తాలు వేసి, వాటి మొత్తాలు ఎంత చెదిరాయో చూడండి. అదే మీ అసలు ఎర్రర్. 4 ఫ్రేములు పేర్చినప్పటి కంటే 36 పేర్చినప్పుడు అది మూడో వంతుకు దిగాలి. దిగకపోతే ఆకాశం ఇంకా ఎక్కడో మిగిలి ఉంది, 6వ మెట్టుకు వెళ్లండి.

మీరు కొత్తగా ఏదైనా కనిపెట్టాననుకుంటే, సరి సంఖ్య ఫ్రేములు ఒక చిత్రంగా, బేసివి ఇంకో చిత్రంగా విడివిడిగా పేర్చండి. రెండింట్లోనూ అదే చోట, అదే ప్రకాశంతో ఉంటేనే ఎవరికైనా చూపించండి. నా "నెబ్యులా" ఈ పరీక్ష కూడా దర్జాగా పాసైంది, ఎందుకంటే అదే డార్క్‌ను రెండు సగాలకూ వాడాను. కాబట్టి ముడి ఫ్రేముల్లో అది డిథర్‌తో పాటు కదులుతోందో లేదో కూడా చూడండి.